వెనక్కి తిప్పితే... అసలు కథ!

ముందువైపు సింహం ఉంటుంది. కిరీటం ఉంటుంది. పటాలం పేరుంటుంది. చూడగానే మనసు దోచేస్తుంది. కానీ ఆ బ్యాడ్జి వయసెంతో చెప్పేది మాత్రం ఆ హంగులేవీ కావు. వెనకవైపు, కంటికి ఆనీ ఆనని అక్షరాల్లో తయారీదారు వేసిన చిన్న ముద్ర! పాత సైనిక చిహ్నాల పుట్టుపూర్వోత్తరాలు పట్టిచ్చే ఆ ముద్రల కథాకమామీషు... ఈ వారం.

‘‘అన్నా, ఒరిజినల్! నిజాం జమానాది. రెండు వేలిచ్చి తీస్కపో...’’

ఆదివారం ఎర్రగడ్డ పాత సామాన్ల అంగడిలోనో, గురువారం పురానాపూల్ దగ్గరి జుమేరాత్ బజార్లోనో ఒక్కసారైనా తిరిగినవాళ్లకి ఈ మాట కొత్త కాదు. తుప్పు పట్టిన తాళాలు, ఆగిపోయిన గడియారాలు, చేతిపిడి లేని ఇస్త్రీపెట్టెలు... వాటి మధ్య ఓ రేకు డబ్బా. అందులో గుప్పెడు ఇత్తడి బిళ్లలు. సైనికుల టోపీల మీదా, భుజాల మీదా మెరిసి మెరిసి చివరికి అక్కడికి చేరినవి.

మోతీనగర్‌లో గది తీసుకుని సినిమాలకి కాస్ట్యూమ్స్ సహాయకుడిగా పనిచేసే ఓ కుర్రాడు ఆ డబ్బా ముందు గొంతుక్కూర్చున్నాడనుకుందాం. వచ్చేవారం షూటింగ్. బ్రిటిష్ కాలం కథ. ఇరవై మంది జూనియర్ ఆర్టిస్టులకి సిపాయి దుస్తులు సిద్ధం చేయాలి. చేతికొచ్చిన బిళ్ల మీద ‘19’ అన్న అంకె, ‘హైదరాబాద్ రెజిమెంట్’ అన్న ఇంగ్లిష్ అక్షరాలు ఉన్నాయి. హైదరాబాద్ అని ఉంది కాబట్టి నిజాం సైన్యానిదేనని అమ్మేవాడి వాదన. కొనేవాడికీ అలాగే అనిపిస్తుంది.

ఇద్దరూ పొరబడ్డారు! ఎలాగో తెలియాలంటే ముందు ఆ బిళ్లని వెనక్కి తిప్పాలి.

ఇత్తడికీ ఉంది ‘హాల్‌మార్క్’

బంగారం కొనేటప్పుడు మనం ఏం చూస్తాం? గాజు లోపలి వైపునో, గొలుసు కొక్కెం దగ్గరో 916 ఉందా లేదా అని. 2021 నుంచి దాని పక్కన ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ కోడ్ కూడా వచ్చింది. ఆ నగని ఏ కేంద్రంలో పరీక్షించారో దాంతో తెలిసిపోతుంది. సైనిక చిహ్నాల వెనక ఉండే ముద్ర కూడా సరిగ్గా అలాంటిదే. ఎవరు తయారుచేశారు, ఏ ఊళ్లో, ఒక్కోసారి ఏ ఏడాదిలో... అన్నీ అందులోనే ఉంటాయి.

బ్రిటిష్ సామ్రాజ్యం నాటి బ్యాడ్జిల్లో చాలాభాగం ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టాయి. గుండీలు, బిళ్లలు, నగలు... చిన్నచిన్న లోహ వస్తువులకి ఆ ఊరు పెట్టింది పేరు. అక్కడ 1880లలో మొదలైన జె.ఆర్. గాంట్ అండ్ సన్ కంపెనీ పేరు పాత బ్యాడ్జిలు సేకరించేవాళ్లకి కొట్టినపిండి. ఇక లండన్‌లోని ఫర్మిన్ అండ్ సన్స్ తన పుట్టుకని 1677 దాకా తీసుకెళ్తుంది. మన దగ్గర కుతుబ్‌షాహీలు గోల్కొండని ఏలుతున్న రోజులవి! జెన్నెన్స్, స్మిత్ అండ్ రైట్... ఇలా ఇంకా ఎన్నో పేర్లు.

గాంట్ పేరు చూడగానే ఒక సంగతి తేలిపోతుంది. 1857 తిరుగుబాటు కాలం నాటిదంటూ ఎవరైనా గాంట్ ముద్ర ఉన్న బిళ్ల అమ్మబోతే నవ్వి ఊరుకోవచ్చు. అప్పటికి ఆ కంపెనీయే లేదు మరి. అలాగే కంపెనీ పేరు చివర ‘లిమిటెడ్’ అని ఉంటే, అది 1855 ముందుది కానే కాదు. బ్రిటన్‌లో వాటాదారుల బాధ్యతకి పరిమితి పెట్టిన చట్టం ఆ ఏడాదే వచ్చింది. గుండీల వెనకైతే ఒక్కోసారి కంపెనీ పేరుతోపాటు వీధి చిరునామా కూడా ఉంటుంది. కంపెనీ ఒక వీధి నుంచి ఇంకో వీధికి మారినప్పుడల్లా ముద్రా మారుతుంది. ఏ చిరునామాలో ఎప్పట్నుంచి ఎప్పటిదాకా ఉన్నారో పాత వ్యాపార డైరెక్టరీల్లో చూసుకుంటే... గుండీ పుట్టిన కాలం బయటపడుతుంది.

అయితే ఇక్కడో కిటుకు గుర్తుపెట్టుకోవాలి. ముద్ర చెప్పేది ‘దీనికంటే ముందుది కాదు’ అని మాత్రమే. ‘దీని తరవాతది కాదు’ అని చెప్పదు. ఎందుకంటే బ్యాడ్జిని అచ్చొత్తే ఉక్కు డై దశాబ్దాలపాటు చెక్కుచెదరకుండా ఉంటుంది. పటాలం రద్దయిపోయాక కూడా అదే డైతో సేకరణకర్తల కోసం కొత్త బిళ్లలు కొట్టినవాళ్లున్నారు. డై అసలుదే, కంపెనీ అసలుదే... బిళ్ల మాత్రం ఏ సైనికుడి తలమీదా ఒక్కరోజు కూడా లేదు!

ఒక్క అక్షరంలో ఏడాది

అధికారులు పెట్టుకునే చిహ్నాలు కొన్ని వెండివి. వాటి వయసు కనిపెట్టడం మరీ తేలిక. బర్మింగ్‌హామ్‌లో 1773 నుంచీ వెండి పరీక్షా కేంద్రం ఉంది. అక్కడ పరీక్షించిన వస్తువు మీద లంగరు గుర్తు వేస్తారు. సముద్రం జాడే లేని ఊరికి లంగరేమిటా అనిపిస్తుంది కానీ ఆ ఊరి గుర్తు అదే. లండన్‌లో పరీక్షిస్తే చిరుతపులి తల. వెండి నాణ్యమైనదని చెప్పడానికి నడుస్తున్న సింహం. వీటి పక్కనే ఓ ఇంగ్లిష్ అక్షరం. దాన్ని ఏటేటా మారుస్తారు. అక్షరమాల పూర్తయితే అక్షరాల రూపమో, చుట్టూ ఉండే గడి ఆకారమో మార్చి మళ్లీ మొదలుపెడతారు. ఆ అక్షరాల పట్టిక దగ్గరుంటే... వెండి బిళ్ల ఏ ఏడాదిదో అయిదు నిమిషాల్లో చెప్పెయ్యొచ్చు.

మన దేశంలో ఆ రోజుల్లో అలాంటి నిర్బంధ ముద్రల పద్ధతి లేదు. మద్రాసు మౌంట్‌రోడ్డులోని పి. ఓర్ అండ్ సన్స్, కలకత్తాలోని హామిల్టన్ అండ్ కంపెనీ లాంటి పేరున్న వెండి వ్యాపారులు సొంత పేరు మాత్రం వేసుకునేవారు. అందుకే ఇక్కడ తయారైన వెండి వస్తువు కాలం తేల్చడానికి తయారీదారు చరిత్ర కూడా తెలియాలి.

ఇక ప్రభుత్వ సరుకుకి మరో గుర్తుంది. కాకి కాలి ముద్రలా మూడు గీతల బాణం. బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి అని దానర్థం. దాని కింద ‘ఐ’ అన్న ఇంగ్లిష్ అక్షరం కూడా ఉంటే అది ఇండియాకి చెందిన సరుకు. నీళ్ల సీసాల మీదా, కత్తి ఒరల మీదా, బెల్టుల మీదా ఈ గుర్తు కనిపిస్తుంది.

కిరీటమే క్యాలెండర్!

వెనక ఏ ముద్రా లేకపోతే? అలాంటివే ఎక్కువ. అప్పుడు ముందువైపు కిరీటాన్ని అడగాలి. విక్టోరియా రాణి 1901లో చనిపోయేదాకా ఒక తరహా కిరీటం. ఆ తరవాత 1901 నుంచి 1952 దాకా ‘కింగ్స్ క్రౌన్’. దీని కమానులు గుమ్మటంలా పైకి గుండ్రంగా లేచి ఉంటాయి. రెండో ఎలిజబెత్ వచ్చాక ‘క్వీన్స్ క్రౌన్’. దీని కమానులు మధ్యలో కిందికి నొక్కినట్టు కుంగి ఉంటాయి. రెండూ పక్కపక్కన పెడితే చిన్నపిల్లలు కూడా తేడా చెప్పేస్తారు. అయితే 2022లో మూడో చార్లెస్ మళ్లీ ట్యూడర్ కిరీటం వైపే మొగ్గు చూపడంతో కొత్త బ్రిటిష్ చిహ్నాల మీద ఆ పాత గుండ్రటి కమానులే తిరిగొచ్చాయి. కాబట్టి కిరీటం గుండ్రంగా ఉందని సంబరపడిపోకూడదు.

మన సైన్యం విషయంలో లెక్క ఇంకా సులువు. 1950 జనవరి 26న దేశం గణతంత్రమైంది. కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి. పటాలాల పేర్లలోని ‘రాయల్’, ‘కింగ్స్ ఓన్’ లాంటి బిరుదులు రాలిపోయాయి. అధికారుల భుజాల మీది నక్షత్రం కూడా మారింది. అంతకుముందున్నది బ్రిటన్‌లోని ‘ఆర్డర్ ఆఫ్ ది బాత్’ నక్షత్రం. దాని మధ్యలో మూడు చిన్న కిరీటాలుంటాయి. ఇప్పుడున్నది అయిదు కోణాల మామూలు చుక్క. ఈ ఒక్క తేడా తెలిసినా సగం పని అయిపోయినట్టే.

లోహమూ కాలాన్ని చెబుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో తూటా తొడుగులకే ఇత్తడి చాలలేదు. దాంతో బ్రిటన్‌లో ప్లాస్టిక్ టోపీ బ్యాడ్జిలు తయారుచేశారు. వాల్సాల్‌లోని స్టాన్లీ అండ్ సన్స్ పేరు వాటి వెనక కనిపిస్తుంది. తళతళ మెరిసే, ఎప్పటికీ తోమక్కర్లేని అల్యూమినియం బ్యాడ్జిలు 1950ల నుంచి వచ్చాయి. అంటే అల్యూమినియం మెరుపుతో ‘మొదటి ప్రపంచయుద్ధం నాటి’ టోపీ బ్యాడ్జి ఎవరైనా చూపిస్తే... దండం పెట్టి పక్కకి తప్పుకోవడమే.

పద్ధతి బ్రిటిష్‌వాళ్లది మాత్రమే కాదు. నాజీ జర్మనీలో పార్టీ చిహ్నాలు చేసే ప్రతి తయారీదారుకీ ఒక సంఖ్య ఇచ్చి, దాన్ని వస్తువు మీద వేయించేవారు. అమెరికాలోనూ సైనిక చిహ్నాల మీద తయారీదారు గుర్తు తప్పనిసరిగా ఉండే పద్ధతి వచ్చింది. ప్రపంచవ్యాప్తంగా సేకరణకర్తలు ఈ సంఖ్యల పట్టికలు కూర్చుకుని పరిశోధకుల్లా తవ్వుతూ ఉంటారు.

కోఠీలో పుట్టిన సింహం

ఇక మన కుర్రాడి చేతిలోని బిళ్ల దగ్గరికొద్దాం. ‘19వ హైదరాబాద్ రెజిమెంట్’... ఏమిటిది?

కథ కోఠీలో మొదలవుతుంది. నేటి మహిళా విశ్వవిద్యాలయం ఉన్న రెసిడెన్సీ భవనంలో 1811 నుంచి 1820 దాకా హెన్రీ రసెల్ అనే బ్రిటిష్ రెసిడెంటు ఉండేవాడు. నిజాం ఖర్చుతో, బ్రిటిష్ అధికారుల కింద పనిచేసే పదాతి దళాన్ని ఆయన తయారుచేశాడు. ‘రసెల్ బ్రిగేడ్’ అన్నారు దాన్ని. అదే తరవాత ‘హైదరాబాద్ కంటింజెంట్’లో భాగమైంది. బొల్లారం ఆ కంటింజెంటుకి కేంద్రం. అక్కడి రిసాలా బజార్ పేరు నేటికీ అశ్వికదళాన్నే గుర్తుచేస్తుంది. రిసాలా అంటే గుర్రపు దళం మరి!

1903లో ఈ కంటింజెంటుని రద్దుచేసి బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిపేశారు. గుర్రపు దళాలు 20వ డెక్కన్ హార్స్, 29వ లాన్సర్స్ లాంటి పేర్లు పెట్టుకున్నాయి. పదాతి దళాలు 94 నుంచి 99 దాకా సంఖ్యలు పొందాయి. 1922లో సైన్యాన్ని మళ్లీ పునర్వ్యవస్థీకరించినప్పుడు మిగిలిన ఆ పదాతి దళాలే ‘19వ హైదరాబాద్ రెజిమెంట్’గా అవతరించాయి. 1945 అక్టోబరు 27న దానికి ‘కుమావ్’ అన్న పేరు వచ్చింది. అప్పటికి అందులోని సైనికులు ఎక్కువగా కుమావ్ కొండ ప్రాంతాలవాళ్లూ, ఉత్తరాదివాళ్లే కావడమే కారణం.

అంటే ఆ బిళ్ల మీద ఉన్న పేరు బతికింది 1922 నుంచి 1945 దాకా... సరిగ్గా ఇరవై మూడేళ్లు! వెనక గాంట్ ముద్ర ఉంటే ఆ లెక్కకి అది అడ్డు రాదు. ముందున్న పేరూ వెనకున్న ముద్రా ఒకదానికొకటి సాక్ష్యం చెప్పాయన్నమాట. అది నిజాం సైన్యానిది కాదు. బ్రిటిష్ ఇండియా సైన్యానిది.

ఇందులో మన మనసుకి తగిలే సంగతి ఇంకోటుంది. నేటి కుమావ్ రెజిమెంట్ చిహ్నంలో శిలువ పట్టుకుని లేచి నిలబడ్డ సగం సింహం కనిపిస్తుంది. అది రసెల్ కుటుంబ చిహ్నం నుంచి వచ్చింది. హిమాలయాల్లో కాపలా కాసే సైనికుడి టోపీ మీది సింహానికి మూలం మన కోఠీలో ఉందన్నమాట! తొలి పరమవీరచక్ర గ్రహీత మేజర్ సోమనాథ్ శర్మ 1942లో అధికారిగా చేరింది 19వ హైదరాబాద్ రెజిమెంటులోనే. 1947 నవంబరులో కశ్మీర్‌లోని బద్గామ్ దగ్గర ప్రాణాలర్పించేనాటికి అది కుమావ్ రెజిమెంటు. 1962లో రెజాంగ్‌లా దగ్గర చివరి తూటా దాకా పోరాడిన మేజర్ షైతాన్‌సింగ్ దళం కూడా ఇదే రెజిమెంటుది. ఇదే రెజిమెంటులో పనిచేసి సైన్యాధిపతి అయిన జనరల్ ఎస్.ఎం. శ్రీనగేశ్ పదవీ విరమణ తరవాత హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వచ్చారు. 1962 నుంచి 1964 దాకా ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా ఉన్నారు.

రెండు వేల రూపాయల బేరంలో... ఇంత కథ!

ఒకే పేరు... రెండు సైన్యాలు

మరి నిజాం సొంత సైన్యం? అది వేరే ఉండేది. బ్రిటిష్‌వాళ్ల అజమాయిషీలో ఉన్న కంటింజెంటుతో దానికి సంబంధం లేదు. నగరంలో ఆ సైన్యం ఆనవాళ్లు పేర్లలో మిగిలాయి. మాసబ్‌ట్యాంక్ దగ్గరి ‘ఫస్ట్ లాన్సర్’ బస్తీ, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఉన్న ‘ఏసీ గార్డ్స్’, ఫిరంగులు పోతపోసిన ‘గన్‌ఫౌండ్రీ’... బస్సు కండక్టర్లు రోజూ పిలిచే ఈ పేర్లన్నీ ఒకప్పటి పటాలాలవీ కార్ఖానాలవే.

హైదరాబాద్ లాన్సర్లు మొదటి ప్రపంచయుద్ధంలో పాలస్తీనా దాకా వెళ్లారు. 1918 సెప్టెంబరు 23న హైఫా నగరాన్ని గెలుచుకున్న అశ్విక బ్రిగేడులో జోధ్‌పూర్, మైసూరు దళాలతోపాటు హైదరాబాదుదీ ఉంది. ఢిల్లీలోని తీన్‌మూర్తి భవన్ ముందున్న ముగ్గురు సైనికుల విగ్రహాలు ఈ మూడు సంస్థానాలవే. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం సైన్యం లొంగిపోయింది. ఆ తరవాత దాని చిహ్నాలకి వాడకం లేకుండా పోయింది.

ఆ సైన్యానికి చెందిన వస్తువుల మీద ఆసఫ్‌జాహీ చిహ్నాలూ, ఉర్దూ అక్షరాలూ కనిపిస్తే కాలం లెక్క వేరే పద్ధతిలో వేయాలి. తేదీ ఉంటే అది హిజ్రీ కావచ్చు. హిజ్రీ ఏడాదిని 0.97తో గుణించి 622 కలిపితే ఇంచుమించుగా ఇంగ్లిష్ ఏడాది వస్తుంది. ఉదాహరణకి 1329ని అలా లెక్కిస్తే 1911. మీర్ ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కిన ఏడాది! ఫసలీ ఏడాదైతే ఇంకా తేలిక. 590 కలిపితే చాలు. పాత పహాణీలూ, భూమి కాగితాలూ తిరగేసిన తెలంగాణ పెద్దవాళ్లకి ఈ లెక్క నోటికి వచ్చు. తాతయ్యలున్న ఇంట్లో క్యాలిక్యులేటర్ అక్కర్లేదు.

తెలంగా సిపాయిలు

సైన్యంతో తెలుగువాళ్ల బంధం ఈనాటిది కాదు. ఈస్టిండియా కంపెనీ తొలి సిపాయిల్లో తెలుగువాళ్లు ఎంతమంది ఉండేవారంటే... ఉత్తరాదిలో సిపాయిని ‘తెలంగా’ అనే పిలిచేవారు. వాళ్లు పనిచేసిన మద్రాసు పటాలాల చిహ్నాల్లో ఏనుగు ఉంటుంది. 1803 సెప్టెంబరు 23న అస్సాయే యుద్ధంలో గెలిచినందుకు దక్కిన గుర్తది.

ఇక్కడా ఒక పేరు కాలాన్ని చెబుతుంది. ‘3వ మద్రాసు రెజిమెంట్’ అని ఉన్న బిళ్ల దొరికితే జాగ్రత్తగా దాచుకోవాలి. ఆ పేరు 1922లో వచ్చింది. ఖర్చు తగ్గించుకోవడానికి 1928కల్లా ఆ దళాలన్నిటినీ రద్దుచేశారు. ఆరేళ్ల ఆయుష్షు! రెండో ప్రపంచయుద్ధం ముంచుకొచ్చాక 1941లో మద్రాసు రెజిమెంటుని మళ్లీ నిలబెట్టారు. ఆరేళ్లు మాత్రమే తయారైన వస్తువు సహజంగానే అరుదు. అరుదైనదానికి ధర ఎక్కువ. ధర ఎక్కువున్నచోట నకిలీ రాకుండా ఉంటుందా?

నకిలీని పట్టేదెలా?

అసలు బ్యాడ్జిని పల్చటి ఇత్తడి రేకు మీద ఉక్కు డైతో బలంగా కొట్టి చేస్తారు. అందుకే ముందువైపు ఎత్తుగా ఉన్నచోట వెనక లోతుగా ఉంటుంది. నకిలీని ఎక్కువగా అసలు బిళ్లని ఇసుకలోనో మైనంలోనో అచ్చు తీసి పోతపోస్తారు. దాంతో మూడు చోట్ల దొరికిపోతుంది. వెనకభాగం చదునుగా, సన్నటి గరుకుతో ఉంటుంది. సింహం జూలు, అక్షరాల అంచులు మొద్దుబారిపోతాయి. పోసిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి నకిలీ అసలుదానికంటే ఓ పిసరు చిన్నగా ఉంటుంది.

ఇంకో పోలిక చూడండి. సైనికుడు ఏళ్ల తరబడి రోజూ తోమిన బిళ్ల... ముక్కు, చెవులు, అంచులు... పైకి పొడుచుకొచ్చిన చోట్ల నున్నగా అరిగి, మూలల్లో పాలిష్ మరక నల్లగా మిగిలిపోయి ఉంటుంది. నకిలీలో అరుగుదల అంతటా ఒకేలా ఉంటుంది. నిజమైన వాడకాన్ని ఎవరూ అంత తేలిగ్గా అనుకరించలేరు.

పోతపోసినదల్లా నకిలీ అనుకోనూ కూడదు. మన దేశంలో కంటోన్మెంటు బజార్లలోని కంసాలులు సైనికుల కోసం చేతితో పోతపోసి చేసినవీ ఉన్నాయి. నాణ్యత అంతంతమాత్రం... కానీ అక్షరాలా అసలువి. ఇంగ్లండునుంచి సరుకొచ్చే లోపు సైనికుడికి బ్యాడ్జి కావాలిగా మరి! అందుకే ఒక్క లక్షణం చూసి తీర్పు చెప్పకూడదు. పేరు, కిరీటం, లోహం, వెనక ముద్ర, అరుగుదల... ఈ అయిదూ ఒకే కాలాన్ని చెబితేనే నమ్మాలి. నాలుగు ఒకటి చెప్పి అయిదోది ఇంకోటి చెబితే ఆ అయిదోదాని సంగతేంటో చూడాలి.

తెరమీద బిళ్ల ఎవరు చూస్తారు?

‘సినిమాలో అంత చిన్న బిళ్లని ఎవరు చూస్తారు సార్?’ అనుకోవడం సహజం. ఒకప్పుడు చెల్లింది. ఇప్పుడు తెర పెద్దదైంది, కెమెరా నిశితమైంది, ఫోనులో సినిమాని ఆపి పెద్దది చేసి చూసే కుర్రాళ్లు వచ్చారు. 2015లో వచ్చిన ‘కంచె’ రెండో ప్రపంచయుద్ధంలోకి తెలుగు సైనికుణ్ని తీసుకెళ్లింది. 2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ 1920 నాటి బ్రిటిష్ పాలనని ప్రపంచమంతా చూసేలా చేసింది. అలాంటి కథలు ఫిల్మ్‌నగర్‌లో ఇంకా ఎన్నో పుడతాయి.

అల్లూరి సీతారామరాజు కథే తీసుకోండి. 1922 సెప్టెంబరులో దామనపల్లి దగ్గర స్కాట్ కవర్డ్, హైటర్ అన్న పోలీసు అధికారులు మన్యం వీరుల చేతిలో చనిపోయారు. అప్పటి రాజు అయిదో జార్జి. ఆ దృశ్యంలో అధికారి టోపీ మీద ఎలిజబెత్ కాలపు కుంగిన కిరీటం కనిపిస్తే... ముప్పై ఏళ్ల తరవాత వచ్చే వస్తువుని ముందే తెచ్చి పెట్టినట్టు. అద్దె దుకాణంలో రెండు రకాలూ ఒకే డబ్బాలో ఉంటాయి. ధర ఒకటే. తేడా తెలిసిన సహాయకుడు ఒక్కడుంటే చాలు, తప్పు జరగదు.

వందేళ్లు దాటితే చట్టం

వయసు తేల్చడం సరదా వ్యవహారం మాత్రమే కాదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక ప్రాధాన్యం ఉన్న వస్తువుకి వందేళ్లు నిండితే అది పురావస్తువు. లైసెన్సు లేకుండా దాంతో వ్యాపారం చేయకూడదు. ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. 1922లో తయారైన బిళ్ల 2022లోనే ఆ గీత దాటేసింది. 1945 నాటిది ఇంకా దాటలేదు. విదేశాల్లో ఉన్న మనవడికి ‘తాతగారి గుర్తు’ పంపాలనుకునే కుటుంబాలు ముందుగా ఆ వస్తువు వయసెంతో తెలుసుకోవడం మంచిది. అలాగే నేటి సైన్యం చిహ్నాలు ధరించి సైనికుడిలా నమ్మించబోవడమూ నేరమే.

అంచు మీద తాతయ్య పేరు

పశ్చిమగోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని ‘మిలటరీ మాధవరం’ అంటారు. మొదటి ప్రపంచయుద్ధం నుంచీ తరతరాలుగా సైన్యానికి బిడ్డల్ని పంపుతున్న ఊరది. అలాంటి ఊళ్లలోనే కాదు, మోతీనగర్‌లోని ఏ అపార్ట్‌మెంటు అటక మీది ట్రంకు పెట్టెలోనైనా ఓ పతకమో బిళ్లో ఉండొచ్చు. పంపకాల్లో అన్నదమ్ములు పొలం పంచుకుంటారు, బంగారం పంచుకుంటారు. ఈ ఇత్తడి ముక్క ఎవరికీ పట్టదు. పాత సామాన్లవాడి తక్కెట్లో కిలోల లెక్కన వెళ్లిపోతుంది. మొదటి యుద్ధం నాటి వెండి పతకాలు కంసాలి కొలిమిలో కరిగి పిల్లల మొలతాళ్లయినవి ఎన్నో!

అలా పోయేది లోహం మాత్రమే కాదు. బ్రిటిష్ కాలంలో భారత సైనికులకిచ్చిన పతకాల అంచు మీద సన్నటి అక్షరాల్లో సైనికుడి సంఖ్య, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. రెండో ప్రపంచయుద్ధం పతకాల్ని బ్రిటిష్ సైనికులకి పేరు లేకుండానే ఇచ్చారు. మనవాళ్లకి మాత్రం పేరు చెక్కి ఇచ్చారు. ఇంగ్లిష్ గుమాస్తా రాసిన స్పెల్లింగు వంకరగా ఉండొచ్చు. కానీ ఆ అంచుని వెలుతురులో తిప్పి చదివితే... తాతయ్య పేరు!

అక్కణ్నుంచి దారి దొరుకుతుంది. దళం పేరు తెలిస్తే ఏ రికార్డు ఆఫీసుకి ఉత్తరం రాయాలో తెలుస్తుంది. కుమావ్ రెజిమెంటు కేంద్రం రాణీఖేత్‌లో ఉంది. మద్రాసు రెజిమెంటుది నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో. యుద్ధంలో చనిపోయినవాళ్ల పేర్లు కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ రికార్డుల్లో దొరుకుతాయి. ఏ దేశంలో, ఏ స్మారకం మీద పేరుందో కూడా చెబుతారు. ‘మా ముత్తాత ఎక్కడో మిలటరీలో పోయాడట’ అన్న ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయిన కుటుంబ కథకి... ఒక ఊరు, ఒక తేదీ, ఒక సమాధి దొరుకుతాయి.

ఎర్రగడ్డ అంగడిలో ఆ కుర్రాడు బేరమాడి బిళ్ల కొన్నాడో లేదో మనకి తెలియదు. కానీ ఈసారి మీ చేతికి అలాంటిది దొరికితే ముందు ‘ఎంతకిస్తావు’ అని అడక్కండి. వెనక్కి తిప్పి చూడండి. ధర అమ్మేవాడు చెబుతాడు. విలువ మాత్రం అదే చెబుతుంది.

ఇంట్లోనే చూసుకోవచ్చిలా...

* చింతపండు, నిమ్మకాయ, పీతాంబరి పెట్టి తోమకండి. నల్లటి పొరతోపాటు సన్నటి ముద్ర కూడా అరిగిపోతుంది. మెత్తటి పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

* టార్చిలైటుని పక్కనుంచి ఏటవాలుగా వేసి భూతద్దంతో చూడండి. నేరుగా వేసిన వెలుతురులో కనిపించని అక్షరాలు నీడలతో బయటపడతాయి.

* ముద్ర మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అక్షరాలు దాని మీదికొస్తాయి. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద చేసినట్టే.

* అయస్కాంతం పెట్టి చూడండి. ఇత్తడికీ వెండికీ అంటుకోదు. అంటుకుంటే లోపల ఇనుమున్నట్టు, అనుమానించాల్సిందే.

* వెనకున్న కొక్కేలు, బద్దీ, పిన్నులు తీసేయకండి, కొత్తవి అతికించకండి. తయారీ కాలానికి అవీ సాక్ష్యాలే.

* ముందూ వెనకా, అంచు చుట్టూ ఫొటోలు తీసి, ఎవరి నుంచి వచ్చిందో ఒక కాగితం మీద రాసి దాంతోపాటే దాచండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నప్పుడే అడిగి రాసుకోండి. ఆ ముద్ర చెప్పలేనిది వాళ్లే చెప్పగలరు.